జిల్లేళ్ళవాగు వంతెన, ప్రేమానందం చాటింపు

జగ్గయ్యపేట పంచాయతీ బోర్డులో నేను గుమాస్తాగిరీ వెలగబెట్టిన పదకొండేళ్ళలో నా చేత్తో రాసిన కాగితాలు గంపలకెత్తొచ్చు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఊళ్ళో ఎవరూ చదివిన పాపాన పోలేదు. చదవాల్సిన అవసరమూ రాలేదు. నేను రాసింది ప్రేమానందానికి వినిపిస్తే, అతను దాన్ని డప్పు మీదికి ఎక్కించుకుని వీధి వీధికీ చాటేవాడు. జనం దృష్టిలో బోర్డు అంటే ప్రెసిడెంటూ కాదు, కుటుంబరావు అనే నేనూ కాదు. ప్రేమానందం గొంతే బోర్డు. ఈ సంగతి మా ప్రెసిడెంటుగారికి అర్థం కావడానికి ఒక వంతెన కట్టాల్సి వచ్చింది.

ప్రేమానందం పొట్టి మనిషి. గొంతు మాత్రం పేట సంతలో ఈ చివర ఎత్తుకుంటే ఆ చివర మిరపకాయల బస్తాల మీద కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచేవాడు. తండ్రి కిరస్తానంలో కలిసినప్పుడు ఫాదరుగారు పెట్టిన పేరు అది. ఊళ్ళో సగంమంది నోరు తిరక్క ‘పేమానందం’ అనేవాళ్ళు. మిగతా సగంమందికి ఆ శ్రమ కూడా ఎందుకని ‘ఏయ్ డప్పూ’ అనేవాళ్ళు. అతను రెంటికీ పలికేవాడు. ఇంట్లో మటుకు ఆ గొంతు పెగిలేది కాదు. అతని భార్య లూర్దమ్మ ఒకసారి మొదలుపెడితే మధ్యలో దూరడానికి ఎంత గొంతున్నవాడికైనా సందు దొరకదు.

అతనికి చదువు రాదు. నేను కాగితం రెండుసార్లు చదివితే తొడ మీద వేళ్ళతో దరువు వేసుకుంటూ వినేవాడు. దరువులో ఇమడని మాటల్ని అక్కడికక్కడే తీసి పారేసేవాడు. ‘యావన్మంది ప్రజానీకానికి’ అని నేను అపురూపంగా రాసుకున్న మాట పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వీధి మొహం చూడలేదు. వినేవాడికి తను ప్రజ అని తెలీదా బాబుగారూ అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అతను కోసి పారేయగా మిగిలిందే జనానికి అర్థమయ్యేదని ఇప్పుడు పెన్షను పుచ్చుకుంటూ కూర్చుని ఒప్పుకుంటున్నాను.

పన్నుల గడువులూ, టీకాల వాళ్ళ రాకా, తప్పిపోయిన దూడలూ అన్నీ అతని డప్పు మీదే నడిచేవి. కానీ అసలు పని వానాకాలంలో ఉండేది. పేట నుంచి నందిగామ వైపు పల్లెలకి వెళ్ళే బండిదారిని జిల్లేళ్ళవాగు అడ్డంగా కోస్తుంది. అవతల పది పల్లెలున్నాయి. వాళ్ళకి సంత కావాలన్నా, డాక్టరు కావాలన్నా పేటే దిక్కు. వాన పడితే వాగు దాటొచ్చో లేదో చూసి చెప్పడం ప్రేమానందం వంతు.

దానికి అతని దగ్గర ఒక వెదురు కర్ర ఉండేది. కర్రకి మూడు గాట్లు పెట్టుకున్నాడు. మొదటిది మోకాలి లోతు, రెండోది తొడ లోతు, మూడోది నడుం లోతు. వాగులో తనే దిగి, నాలుగు చోట్ల కర్ర పొడిచి చూసి, గట్టెక్కి డప్పు కొట్టేవాడు. మోకాలి గాటైతే అందరూ దాటొచ్చు. తొడ గాటైతే మగవాళ్ళూ బళ్ళూ దాటొచ్చు. నడుం గాటైతే ఎవరూ దిగొద్దు. అవతలి పల్లెలవాళ్ళు ఆకాశాన్ని నమ్మేవాళ్ళు కాదు, తమ కళ్ళని నమ్మేవాళ్ళు కాదు. వాగు ఎండి ఇసక కనబడుతున్నా, ఆ డప్పు మోగితేగాని ఎద్దుని అదిలించేవాళ్ళు కాదు.

ఆ కర్ర ఎలా వచ్చిందో అతను ఎవరికీ చెప్పలేదు. నాకు లూర్దమ్మ చెప్పింది.

ఇరవై ఏడో సంవత్సరం శ్రావణంలో, ప్రేమానందం డప్పు పట్టిన కొత్తలో, రెండు రోజులు ఏకధాటిగా వాన కురిసింది. మూడోనాడు పొద్దున అప్పటి ఊరి పెద్ద ఒకాయన వాగు తగ్గింది, చాటింపు వెయ్యమన్నాడు. పెద్దాయన మాట కదా అని ప్రేమానందం వాగు మొహం చూడకుండానే దాటొచ్చని చాటేశాడు. అవతలి ఒడ్డున గుమ్మడిపాలెం నుంచి వచ్చిన బండొకటి ఆ మాట విని వాగులో దిగింది. బండిలో తిరుపతమ్మ అనే పందొమ్మిదేళ్ళ కొత్త కాపరపు పిల్ల ఉంది. పేటలో తమ్ముడు సాంబయ్య పెళ్ళికి పుట్టింటికి వస్తోంది. నడి వాగులో బండి తిరగబడింది. బండివాడు ఈదుకుంటూ గట్టెక్కాడు, ఎద్దులు రెండూ పోయాయి. బండి నొగ పట్టుకుని రెండు ఫర్లాంగులు కొట్టుకుపోయిన పిల్లని జనం లాగి ఇవతలి గట్టున పడేశారు.

ప్రేమానందం పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. తడిసిన బట్టలతో కూర్చుని అతని మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

“చూడకుండా చెప్పావా?”

మర్నాడు పొద్దున ప్రేమానందం వెదురు పొదలోకి వెళ్ళి ఆ కర్ర నరుక్కొచ్చాడు.

జ్వరంతో మంచం పట్టిన తిరుపతమ్మ ఆ పెళ్ళి చూడలేదు. వాగు తీశాక ఒక్కసారి దాటించి గుమ్మడిపాలెం తీసుకెళ్ళారు. ఆ తరవాత వాగూ దాటలేదు. ఇరవైరెండేళ్ళు దాటలేదు. వైశాఖంలో మేకలు వాగులో పడుకుని నెమరేస్తున్నప్పుడు కూడా దాటలేదు. నీళ్ళు లేనంత మాత్రాన వాగు వాగు కాకుండా పోతుందా అనేది. చుట్టు తిరిగి వెళ్దామన్నా, ఏదో ఒక వాగు తగలకుండా పేట చేరే దారి మా వైపు లేదు. పుట్టింటివాళ్ళే వెళ్ళి ఆవిణ్ణి చూసి వచ్చేవాళ్ళు. ప్రేమానందం కర్ర పొడిచి చాటింపు వేస్తే పది పల్లెలూ కదిలేవి, ఆవిడ ఒక్కతె కదిలేది కాదు. పది పల్లెల నమ్మకం ఒక ఎత్తు, ఆ ఒక్క మనిషి నమ్మకం ఒక ఎత్తు అయి కూర్చుంది అతనికి. గుమ్మడిపాలెంలో చాటింపు వేసిన ప్రతిసారీ ఆవిడ గుమ్మం వైపు చూసేవాడట. తలుపు మూసే ఉండేదట.

అందుకే నలభై ఎనిమిదిలో వాగు మీద వంతెన పని మొదలైతే, మేస్త్రీలకంటే ఎక్కువగా ప్రేమానందమే అక్కడ తిరిగేవాడు. రాయి పేర్చడం చూసేవాడు, సున్నం గానుగ చూసేవాడు. వంతెన వస్తే ఇక నీ కర్ర పొయ్యిలోకేరా అని మేస్త్రీలు ఏడిపించేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఒక్క చాటింపు కోసం ఎదురు చూస్తున్నాడని వాళ్ళకేం తెలుసు!

మరుసటేడు వంతెన పూర్తికావచ్చాక పేరు దగ్గర వచ్చింది పేచీ. మొదట బోర్డు మీటింగులో అందరూ ఏకగ్రీవంగా ‘స్వరాజ్య వంతెన’ అన్నారు. మా ప్రెసిడెంటు శ్రీమన్నారాయణగారు కిరాణా హోల్‌సేలు వ్యాపారి. ఆయన కూడా చప్పట్లు కొట్టారు. శ్రావణ శుద్ధ దశమి నాడు ప్రారంభోత్సవం అని నేను కాగితం రాశాను. ప్రేమానందం అందులో ముప్పాతిక వంతు తీసేసి, ఎండలో పది పల్లెలూ తిరిగి చాటివచ్చాడు.

తిరిగొచ్చినప్పుడు అతని మొహం చూడాలి. గుమ్మడిపాలెంలో ఆ తలుపు తెరుచుకుందట. తిరుపతమ్మ గడప మీద నిలబడి అంతా విందట. సాంబయ్య కూతురు పుష్పవతి పెళ్ళి అదే శ్రావణంలో త్రయోదశి నాడు. తమ్ముడి పెళ్ళి ఎలాగూ చూడలేదు, మేనకోడల్ని పెళ్ళికూతుర్ని చెయ్యడానికైనా మేనత్త వెళ్ళాలి కదా. ఆవిడ ఖాయమేనా అని అడిగింది, ఇతను ఖాయమేనమ్మా అన్నాడు. అంతకుమించి మాటల్లేవు. ఇరవైరెండేళ్ళ తరవాత ఆవిడ తనతో మాట్లాడిందని నాకు మూడుసార్లు చెప్పాడు.

నాలుగు రోజులు తిరక్కుండానే బోర్డు మళ్ళీ కూర్చుంది. వంతెనకి రాయి ఇచ్చింది శ్రీమన్నారాయణగారు. రాయి మనది, పేరు మాత్రం ఎవరిదో ఏమిటని ఇంట్లో సాధించి ఉంటారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఇంట్లోవాళ్ళ మాట కాదనలేని మనిషి. వాళ్ళ నాన్నగారి పేరు మీద ‘రంగయ్య వారధి’ అనాలని ప్రతిపాదించారు. అవతలి ఒడ్డు సభ్యులు అరిచారు, బల్ల గుద్దారు, కాఫీ తాగి మళ్ళీ గుద్దారు. చివరికి ఒక్క ఓటు తేడాతో పేరు మారింది. నేను కొత్త కాగితం రాసి ప్రేమానందాన్ని పిలిచాను.

అతను తొడ మీద దరువు వెయ్యలేదు. మొత్తం విని, ఈ చాటింపు నేను వెయ్యనన్నాడు. ఇరవైరెండేళ్ళలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. ప్రెసిడెంటుగారు లోపలి నుంచి లేచి వచ్చారు.

“మొన్ననే స్వరాజ్య వంతెన అని చెప్పొచ్చానండి,” అన్నాడు ప్రేమానందం. “ఇవాళ కాదంటే, పేరే నిలవని వంతెన మనిషిని మోస్తుందా అని అడుగుతారు. నేనేం చెప్పేది?”

“ఎవడ్రా అడిగేది?” అన్నారు ప్రెసిడెంటుగారు.

“అడిగేవాళ్ళున్నారండి.”

పేరు చెప్పలేదు. ప్రెసిడెంటుగారికి తల కొట్టేసినట్టయింది. నువ్వు కాకపోతే పేటలో నోరున్నవాడే లేడా అని, బెజవాడ నుంచి మైకు తెప్పించమని నాకు హుకుం జారీ చేశారు. ప్రారంభోత్సవం నాడు నీ డప్పు చప్పుడు వినబడకూడదన్నారు. ప్రేమానందం దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. లూర్దమ్మ రెండు రోజులు మొగుణ్ణి తిట్టింది. మూడోరోజు అసలు సంగతి తెలిసి ప్రెసిడెంటుగార్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆ రెండో తిట్లు వీధిలోకి కూడా వినబడ్డాయి. నాకు మటుకు సిగ్గేసింది. ఆ కాగితం రాసిన చెయ్యి నాదే కదా. ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకున్నాను.

దశమికి రెండు రోజుల ముందు వాన పట్టుకుంది. దశమి పొద్దున తెరిపిచ్చేసరికి జిల్లేళ్ళవాగు ఎర్రగా ఒడ్డులొరుసుకుని పారుతోంది. కొత్త వంతెన కింద సుళ్ళు తిరుగుతోంది. పేట వైపు పందిరి, మామిడి తోరణాలు, సన్నాయి మేళం, బందరు నుంచి వచ్చిన పెద్ద అధికారి. అవతలి ఒడ్డున పది పల్లెల జనం, పెళ్ళికీ సంతకీ బయల్దేరిన బళ్ళు బారులు తీరి ఉన్నాయి.

బెజవాడ నుంచి మైకుతో వచ్చిన బుడే సాహెబ్ చింతకొమ్మకి బూర కట్టాడు. మైకు బ్రహ్మాండంగా పలికింది. అధికారి రిబ్బను కత్తిరించారు, వంతెన సగం దాకా నడిచి, వెనక్కి వచ్చి దండలు వేయించుకున్నారు. తెర తీస్తే రాతి మీద ‘రంగయ్య వారధి’ అని బయటపడింది. వంతెనని ప్రజలకి అంకితం చేస్తున్నామని, అందరూ దాటవచ్చని అధికారి మైకులో చెప్పారు. ప్రెసిడెంటుగారు చెప్పారు. బుడే సాహెబ్ కూడా ఒకసారి చెప్పాడు.

అవతలి ఒడ్డున ఒక్క ఎద్దు కదల్లేదు.

సన్నాయి ఆగిపోయింది. వాళ్ళకి వినపడలేదేమోనని అధికారి అన్నారు. కోసు దూరం వినపడుద్ది సార్ అని బుడే సాహెబ్ నొచ్చుకున్నాడు. ఏమిటో కనుక్కురమ్మని ప్రెసిడెంటుగారు నన్ను పంపారు. ఆ విధంగా, అందరికంటే ముందు ఆ వంతెనని ఈ కొన నుంచి ఆ కొన దాకా దాటిన పౌరుణ్ణి నేనే. కింద నీళ్ళ హోరుకి దారంతా పిట్టగోడ పట్టుకునే నడిచిన మాట దాచను.

ముందు బండి పుల్లయ్యది. ఏమయ్యా రారేం అన్నాను.

“చాటింపు పడలేదు గదండీ,” అన్నాడు.

మైకులో మూడుసార్లు చెప్పారు కదా అన్నాను.

“అది బెజవాడదంట గదండీ. మా వాగు సంగతి దానికేం తెలుసు?”

నేను దాటి వచ్చాను కదా అని రొమ్ము విరుచుకుంటే, మీరు బక్కమనిషండీ, మాది బస్తాలబండి అన్నాడు. వెనక బళ్ళవాళ్ళంతా తలలూపారు. మూడో బండిలో తెర పక్కకి తీసి ఒకావిడ వాగుకేసి చూస్తోంది. ఒళ్ళో పసుపు మూట. చెప్పకపోయినా పోల్చుకున్నాను. ఇరవైరెండేళ్ళ తరవాత తిరుపతమ్మ ఆ ఒడ్డు దాకా వచ్చింది.

నేను వెనక్కి పరుగెత్తాను. ఇక ఉద్యోగం పోతే పోయిందని, ఇరవై ఏడో సంవత్సరం సంగతి మొదలుకుని గుమ్మడిపాలెం గడప దాకా ప్రెసిడెంటుగారి చెవిలో అంతా చెప్పేశాను. ఆ పిచ్చి సన్నాసి ఈ మాట నాతో చెప్పి ఏడవొచ్చుగా అన్నారు. తరవాత వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ పందిరి వెనక్కి నడిచారు.

ప్రేమానందం అక్కడే ఉన్నాడు. వాన తడికి డప్పు పలకదు, నిప్పు మీద కాచాలి. పిలవని చోట, ఎవరూ చూడకుండా, గడ్డి మంట వేసుకుని డప్పు కాచుకుంటున్నాడు. పక్కన కర్ర ఉంది.

“రంగయ్య వారధి అనొద్దు, స్వరాజ్యమూ అనొద్దు,” అన్నారు ప్రెసిడెంటుగారు. “దాటొచ్చని చెప్పరా, చాలు.”

“చూసి చెప్తానండి.”

“ఇంజనీర్లు చూశారు కదరా!”

“వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పారు కదండీ.”

బుడే సాహెబ్ మర్యాదకి మైకు అందించబోయాడు. వద్దు సాయిబుగారూ, అందులో చెబితే నేనని నమ్మరు అన్నాడు ప్రేమానందం.

ఆ వంతెన చూడటానికి అతనికి అరగంట పట్టింది. ఒక్కొక్క కమాను దగ్గరా ఆగాడు. పిట్టగోడని కర్రతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. బోర్లా పడుకుని కర్ర కిందికి దించి నీళ్ళు ఎంత దిగువన ఉన్నాయో చూశాడు. నడుమ నిలబడి రెండుసార్లు ఎగిరి దూకాడు. బందరు అధికారి మెళ్ళో దండలు వాడిపోతున్నాయి. అవతలి కొసకి చేరి, డప్పు ఎత్తాడు.

“జిల్లేళ్ళవాగు నడుం దాటింది. వాగులో ఎవరూ దిగొద్దు. వంతెన మీద దాటొచ్చు. ఆడవాళ్ళు దాటొచ్చు, పిల్లలు దాటొచ్చు, బళ్ళు దాటొచ్చు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి చెప్తున్నా.”

పుల్లయ్య ఎద్దుల్ని అదిలించబోయి ఆగాడు. వెనక మూడో బండిలోంచి తిరుపతమ్మ దిగింది. బళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ వంతెన మొదటికి వచ్చి నిలబడింది. చెంపల దగ్గర నెరిసింది. చూపు మాత్రం, ఆనాడు గట్టు మీద కూర్చుని చూసిన చూపే అని ప్రేమానందం తరవాత నాతో అన్నాడు.

“చూశావా?” అంది.

“చూశానమ్మా. ఈసారి చూశా.”

ఆవిడ కొంగు బిగించుకుంది. “అయితే ముందు నువ్వు నడువు.”

అతను ముందు, ఆవిడ వెనక. పుల్లయ్యతో సహా ఎవరూ వాళ్ళని దాటి పోలేదు. సరిగ్గా నడిమధ్యకి వచ్చాక ఆవిడ పిట్టగోడ పట్టుకుని కిందికి చూసింది. మూటలోంచి చిటికెడు పసుపు తీసి వాగులో వేసింది. ఏదో గొణిగింది. దణ్ణం పెట్టుకుందో, నాలుగు చీవాట్లు పెట్టిందో తెలీదు. ఈ ఒడ్డున సాంబయ్య, పేటలో బట్టల కొట్టున్న పెద్దమనిషి, అందరి ముందూ ‘అక్కా’ అని బావురుమన్నాడు. ఆ వెనక పది పల్లెలూ ఒక్కసారిగా వంతెన మీద పడ్డాయి. సన్నాయివాళ్ళు ఎవరూ చెప్పకుండానే మళ్ళీ అందుకున్నారు.

మర్నాడు ప్రెసిడెంటుగారు ప్రేమానందం పనిలోనే ఉన్నాడని నా చేత కాగితం రాయించారు. రాతి మీద ‘రంగయ్య వారధి’ అలాగే ఉంది. అవతలి ఒడ్డు సభ్యులు రెండో కొసన తారుతో ‘స్వరాజ్య వంతెన’ అని రాయించారు. జనం ఈ రెంటి జోలికీ పోలేదు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు ‘తిరుపతమ్మ దాటిన వంతెన’ అంటూ వెళ్ళారు. ఏడాది తిరిగేసరికి అది తిరుపతమ్మ వంతెన అయింది. శ్రీమన్నారాయణగారు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఒకరోజు పై అధికారులకి ఉత్తరం చెబుతూ, ఆయన నోటే ‘తిరుపతమ్మ వంతెన దగ్గర’ అని వచ్చేసింది. నేను తలెత్తకుండా రాసేసుకున్నాను.

ఆ తరవాతి వైశాఖంలో ఒకరోజు పని మీద గొడుగు వేసుకుని అటు వెళ్ళాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. వాగులో చుక్క నీరు లేదు. వంతెన నీడలో మేకలు పడుకున్నాయి. అవతలి ఒడ్డున గుమ్మడిపాలెం బండి ఒకటి ఆగి ఉంది. బండిలో తిరుపతమ్మ తీరుబడిగా తమలపాకులు నములుతోంది. పుష్పవతికి నెల తప్పిందట, చూడటానికి పేట వస్తోంది. వంతెన మీద ప్రేమానందం బోర్లా పడుకుని, కర్ర కిందికి దించి ఇసకలో పొడుస్తున్నాడు.

నాకు నవ్వాగలేదు. ఇదేం చోద్యమయ్యా, రాతి వంతెన, కింద నీళ్ళే లేవు, ఇంకా ఏం చూస్తావు అన్నాను.

అతను లేచి చొక్కా దులుపుకున్నాడు.

“ఆవిడ చూశావా అని అడుగుద్ది బాబుగారూ. అబద్ధం చెప్పమంటారా?”

కర్ర చంకన పెట్టుకుని, డప్పు సర్దుకుని, అవతలి ఒడ్డుకేసి తిరిగి దాటొచ్చని కొట్టాడు. బండి కదిలింది.